పాట వినపడని జింక

రోతాంగాని మొన్న పాతిపెట్టారు. పెట్టె మీద జింక కొమ్ములు పెట్టారు, కొమ్ముల మీద పూలు పెట్టారు. పాస్టరు లేచి "ఈ కొండ మీద ఇంత మంచి వేటగాడు మళ్ళీ పుట్టడు" అన్నాడు. వెనక బెంచీలో నాకు దగ్గొచ్చింది. పాస్టరుకేం తెలుసు, నిన్నగాక మొన్న వచ్చినవాడు. రోతాంగా వేటగాడిగా పుట్టలేదు. వాడు దర్జీ. జింక కనబడితే ముందు దాని తోలుకి కుట్టు ఎక్కడ పడుతుందా అని చూసే రకం.

వాడిది మా పక్కిల్లు. మా మిజో ఊళ్ళన్నీ కొండ వెన్ను మీదే ఉంటాయి, ఇళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ. ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లో ఉలిక్కిపడాలి. వాడికి చేత్తో తిప్పే కుట్టుమిషను ఉండేది. ఊళ్ళో మగాళ్ళు తొడుక్కునే చర్చి చొక్కాలన్నీ వాడి చేతివే. సన్నగా, మెల్లగా, నేల మీద సూదులు పడున్నట్టు చూసుకుంటూ నడిచేవాడు. నోరు విప్పితే ఎవరినైనా నొప్పిస్తానేమోనని భయం. వాడి పెళ్ళాం చోంగి కూడా అంతే. వాళ్ళ మాటలు కూడా నేనే మాట్లాడేదాన్ని. వాళ్ళకో కూతురు, పారి. నడక వచ్చి, మాటలు వస్తున్న వయసు.

అప్పుడు వెదురు పూసింది. పిల్లలు పూలు చూసి గంతులేశారు. మా అత్తగారు మాత్రం అరుగు మీద కూలబడింది. ఆవిడ చిన్నప్పుడు ఒకసారి చూసింది ఆ పూలని. వెదురు గింజలు తిని ఎలకలు బలిసి, గింజలైపోయాక పోడు మీద పడ్డాయి. పొద్దున్న లేచి చూస్తే వరి లేదు, గడ్డి ఉంది. అంతే ఇంక. అడవి దుంపలు తవ్వుకుని, విషం పోయేదాకా ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడకబెట్టి తినేవాళ్ళం. పందులు అయిపోయాయి, కోళ్ళు అయిపోయాయి. రోతాంగా దగ్గరికి కొత్త చొక్కాకి ఎవరొస్తారు? ఉన్న బట్టలు వదులైపోయాయి, బిగించి కుట్టమని వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి అదీ మానేశారు. వాడు మిషను మీద దుప్పటి కప్పాడు.

పారికి జ్వరం వచ్చి తగ్గింది గానీ పిల్ల లేవలేదు. దుంప పెడితే ఉమ్మేసేది. నీరసంగా, సన్నగా, పిల్లిపిల్లలా ఏడ్చేది. ఆ ఏడుపు మా ఇంటి గోడలోంచి వినపడేది. కింద రోడ్డు దగ్గరి ఆసుపత్రి నుంచి కాంపౌండరు వచ్చి కనురెప్ప లాగి చూశాడు.

"ఒంట్లో రక్తం లేదు. మాంసం పెట్టండి. కార్జం పెట్టండి. లేకపోతే నేను చెప్పలేను."

"కార్జం ఏ చెట్టుకి కాస్తుందో అది కూడా చెప్పి వెళ్ళు నాయనా" అన్నాను. అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు. పాపం అతనూ తిని ఎన్నాళ్ళయిందో.

ఆ సాయంత్రమే రోతాంగా మా అరుగు మీదికొచ్చి నిలబడ్డాడు. మా ఆయన కుమా అప్పటికి ఊళ్ళో పేరున్న వేటగాడు. గోడ నిండా పుర్రెలే. కానీ ఎలుగుబంటి చీల్చిన మోకాలు బిగుసుకుపోయి, ఏటవాలు దిగడం మానేశాడు. నేను పొగ తాగే గొట్టం అడుగున దిగిన పొగాకు నీళ్ళు చప్పరిస్తూ కూర్చునేవాడు. నాటు తుపాకీ గోడకి వేలాడుతుండేది.

"మామా, నాకు వేట నేర్పు" అన్నాడు రోతాంగా.

"దేనికి?"

"జింకకి."

నాకు నవ్వాగలేదు. "ఒరే, నువ్వు నడుస్తుంటే ఎండుటాకులు నిన్ను చూసి తప్పుకుంటాయి. జింకని ఏం కొడతావు? కొలతలు తీసుకుంటావా?"

"అత్తా, నవ్వితే నవ్వుకో. నేర్చుకుంటాను" అన్నాడు. వాడి గొంతులో అంత గట్టితనం నేనెప్పుడూ వినలేదు. నవ్వు ఆపేశాను.

మా ఆయన తుపాకీ ముట్టుకోనివ్వలేదు. ముందు పాట నేర్పాడు. వేట పడ్డాక గట్టు మీద నిలబడి, జింకని ముందు పెట్టుకుని పాడే పాట. మగవాడు గుండె బద్దలయ్యేలా పాడాలి. అది వినపడిందంటే ఊళ్ళో ప్రతి ఇంట్లో కత్తి నూరతారు. తుపాకీ ఇచ్చినవాడికి మెడ, మోసినవాళ్ళకి డొక్క, అక్కచెల్లెళ్ళకి ముందుకాళ్ళు, విధవలకీ ముసలివాళ్ళకీ తొడ, ఇలా పోతుంది. కొత్తవాడి మొదటి వేటలో కార్జం ఎవరిదీ కాదు. ఊరి మొగలోనే కాల్చి, గోరంత ముక్కలు చేసి, వచ్చిన ప్రతి మనిషి నోట్లో వాడి చేత్తోనే పెట్టాలి. కొట్టినవాడికి మిగిలేది తలకాయ, మంచి పేరు.

"పాట పాడకపోతే?" అన్నాడు రోతాంగా.

మా ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. "పాడకపోవడం ఏంట్రా? గొంతు పోయిందనుకుంటారు, వచ్చి చూస్తారు."

"నేను చర్చిలోనే పెదాలు ఆడిస్తాను మామా."

"అందుకే మా పెరట్లో పాడు. ఇక్కడ నీ పాట విని పారిపోడానికి కోళ్ళు కూడా లేవు" అన్నాను.

తరవాత ఆకు. ఆకుని రెండు బొటనవేళ్ళ మధ్య బిగించి ఊదితే జింకపిల్ల ఏడ్చినట్టు వస్తుంది. తల్లి ఎక్కడున్నా పరిగెత్తుకుంటూ వస్తుంది. మా జింకలు చిన్నవి, ఎర్రగా ఉంటాయి, బెదిరితే కుక్కలా మొరుగుతాయి. వాడు ఊదితే జలుబు చేసిన మేకలా ఉండేది. మా కుక్క ఒకటే మిగిలింది అప్పటికి, అది వాడి ఎదురుగా కూర్చుని తల వంచి చూసేది.

"అది కూడా జాలిపడుతోంది చూడు" అనేదాన్ని.

అడవికి పంపితే ఇంకా తమాషా. మొదటిసారి సబ్బు రుద్దుకుని స్నానం చేసి వెళ్ళాడు, పెళ్ళికి వెళ్ళినట్టు. గాలి ఆ వాసనని లోయంతా మోసింది. ఇంకోసారి జలగలు పట్టి గోక్కున్నాడు, కొమ్మ విరిగింది, జింక తోక మాత్రం చూశాడు. ఇంకోసారి మందు చెమ్మగిల్లి తుపాకీ తుస్సుమంది. ఒకసారి గురి తప్పాడు. అప్పుడు ఆ జింక ఏం చేసిందంటే, ఎదుటి గట్టుకెక్కి వాడి వైపు తిరిగి మొరగడం మొదలుపెట్టింది. ఆపదే. ఊరంతా విని ఒకటే నవ్వు.

"అంతేరా" అన్నాడు మా ఆయన. "గురి తప్పితే జింక ఊరుకోదు. నువ్వు ఇల్లు చేరేదాకా తిడుతుంది. అదే నీకు శిక్ష."

చేతులు వణుకుతున్నాయని వాడు చూపిస్తే మా ఆయన ఒకటే అడిగాడు. "సూదిలో దారం ఎక్కించేప్పుడు ఊపిరి ఏం చేస్తావు?"

"బిగబడతాను."

"మరి ఇక్కడెందుకు వదుల్తున్నావు?"

ఒకరోజు పెరట్లో ఏడుపు వినపడింది. నేను దుంపలు చెక్కుతున్నదాన్ని కత్తి వదిలేసి లేచాను, పారి గడప దాటి వచ్చేసిందనుకుని. కాదు, వాడు. ఆకు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. అచ్చం ఆ ఏడుపే. సన్నగా, తెగిపోతున్నట్టు.

"ఎక్కడ నేర్చుకున్నావురా?" అన్నాడు మా ఆయన.

"ఇంట్లో" అన్నాడు వాడు.

నేను వెళ్ళి మళ్ళీ కత్తి పట్టుకున్నాను.

ఆ తరవాత, చర్చి లేని ఒక రోజు పొద్దున్నే, వాడి పోడు వైపు తుపాకీ పేలింది. ఒకటే పేలుడు. ఊరంతా ఆగిపోయింది. నీళ్ళు మోసేవాళ్ళు దారిలో నిలబడ్డారు. మా ఆయన పొగాకు నీళ్ళ బుర్ర దించి చెవి ఒగ్గాడు. నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టేశాను, మెడ మాది కదా. అటుపక్క వుంగా ఇంట్లో కత్తి నూరుతున్న చప్పుడు. వుంగా అంటే ఊరి పెద్దల్లో ఒకడు, అన్నీ లెక్కగా జరగాలనేవాడు.

పాట రాలేదు.

నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. కత్తి చప్పుడు ఆగింది. మధ్యాహ్నం దాటాక రోతాంగా కట్టెల బుట్ట వీపున వేసుకుని వచ్చాడు. తుపాకీ మా అరుగు మీద ఆనించాడు.

"తప్పింది మామా" అన్నాడు.

పక్కింటి ఆడాళ్ళు మొదలెట్టారు. "తుపాకీకి గాలి తగలాలని తీసుకెళ్ళావా?" "జింక చొక్కా కుట్టించుకుని వెళ్ళిందా?" వాడు నవ్వలేదు, తలెత్తలేదు. బుట్టతో లోపలికి వెళ్ళిపోయాడు.

మా ఆయన తుపాకీ గొట్టం మూతి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తరవాత మెల్లగా అన్నాడు, "తప్పితే మొరగాలి కదే."

"ఏది?"

"జింక. పొద్దున్నుంచి గట్టు మీద కూత లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కొడుకు ఆకలికి పొయ్యి మట్టి గోకి నాకుతున్నాడు ఆ రోజుల్లో. మా తుపాకీ, మా మందు, మా ఆయన నేర్పిన ఊపిరి, వీడు దాచుకు తింటాడా? చెంగు బిగించి లేచాను. "ఇప్పుడే వెళ్ళి ఊరు పోగేస్తాను. వాడి పెళ్ళాం ఎదురుగా కడుగుతాను."

"కూర్చో."

"ఎందుక్కూర్చోవాలి?"

"ఊరికి చెబితే వాడింక ఈ ఊళ్ళో మనిషి కాడు. రేపు పొద్దున్న నాతో రా. దుంపల బుట్ట తెచ్చుకో."

ఆ మోకాలితో ఆయన ఆ ఏటవాలు ఎలా దిగాడో దేవుడికే తెలియాలి. కర్ర ఒక చేత్తో, నా భుజం ఒక చేత్తో. తిట్టుకుంటూ దిగాను. రోతాంగా పోడు గుడిసె కప్పులోంచి సన్నగా పొగ వస్తోంది. లోపలికి వంగి చూస్తే వాడు పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పైన అటక మీద ఆకులు పరిచి మాంసం. పొగ ఇంకా పట్టలేదు, ఎర్రగానే ఉంది. మూల జింక తలకాయ, కళ్ళు తెరిచి.

వాడు లేవలేదు. పారిపోలేదు. "కార్జం నిన్ననే కట్టెల కింద పెట్టి పట్టుకెళ్ళాను" అన్నాడు మా ఆయనతో. "ఉడకబెట్టి పెట్టింది చోంగి. తిన్నది మామా. ఇంకా కావాలని చెయ్యి చాపింది. చెయ్యి చాపి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

నేనెందుకు ఊరుకుంటాను?

"నీ పిల్ల ఒక్కతేనా ఊళ్ళో పిల్ల? మిగతావాళ్ళకి కడుపుల్లేవా?"

"ఉన్నాయి అత్తా. ఊరందరికీ పంచితే తలా రెండు ముక్కలు. ఎవరూ చావరు, ఎవరూ బతకరు. ఇదంతా పొగబెట్టి దాచితే నా పిల్ల బతుకుతుంది. గట్టెక్కాను. పాడదామని నోరు తెరిచాను. మింగేశాను. నన్ను కొట్టు. మొహాన ఉమ్ముయ్యి. కానీ దీన్ని మాత్రం తీసుకుపోవద్దు."

చెయ్యెత్తాను కొట్టడానికి. వాడి మెడ చూశాను. చొక్కా కాలరులోంచి కోడిమెడలా ఉంది. వాడు తిన్నట్టు లేదు, ముక్క కూడా. చెయ్యి దించేశాను. దించినందుకు ఇంకా కోపం వచ్చింది.

మా ఆయన బయటికెళ్ళాడు. గట్టు అంచుకి, ఊరికి ఎదురుగా. కర్ర నేలకి గుచ్చాడు. పాడాడు. ఆ గొంతు విని ఏళ్ళయింది. అరిగిపోయిన గొంతు, కానీ లోయ దాటింది. పైన కుక్క మొరిగింది. మనుషుల కేకలు వినపడ్డాయి.

రోతాంగా చెవులు మూసుకుని కూర్చున్నాడు.

"లే" అన్నాడు మా ఆయన తిరిగొచ్చి. "మొయ్యి. నిన్న తగిలింది, ఇవాళ దొరికింది. అంతే చెప్పు. ఇంకేం చెప్పకు."

ఊరి మొగలో అందరూ ఉన్నారు. ఆకలి మొహాలకి నవ్వొస్తే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను, ఇంక చూడక్కర్లేదు. గుడిసెలో అనుకున్నదే మా ఆయన చెప్పాడు. దెబ్బ తిని లోయలో పడింది, వెతికి పట్టుకున్నాం, మోయలేక అక్కడే కోశాం. నమ్మారు. పాట పాడినవాడి మాట నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతారు? పిల్లలు రోతాంగా కాళ్ళు చుట్టేసుకున్నారు. వాడు రాయిలా నిలబడ్డాడు.

వుంగా ఆకులు విప్పి ఒక్కొక్క భాగం పక్కన పెడుతున్నాడు. మెడ, డొక్క, కాళ్ళు. పుల్లలు పేర్చి నిప్పు కూడా సిద్ధం చేశారు. వుంగా చెయ్యి ఆగింది.

"కార్జం ఏది?"

అందరూ రోతాంగా వైపు తిరిగారు.

"మొదటి వేట కదా. కార్జం ఏది రోతాంగా?"

రోతాంగా పెదాలు కదిలాయి. చెప్పేస్తాడు. వాడి మొహం చూస్తే తెలుస్తోంది, వాంతి ముందు మొహంలా ఉంది. వాడి ఇంటి గుమ్మంలో చోంగి నిలబడి ఉంది, చంకలో పారి. పిల్ల తల ఎత్తి చూస్తోంది. అన్నాళ్ళూ తల్లి భుజం మీద వాలిపోయి ఉండే తల.

"నేను తిన్నాను" అన్నాను.

నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. నా నోరు ఎప్పుడూ నన్ను అడగదు.

"నువ్వా?" అన్నాడు వుంగా.

"దుంపలకని వెళ్ళాను, వీళ్ళు కోస్తున్నారు. ఆకలేసింది. కాల్చుకున్నాను, తిన్నాను."

"మొత్తమా?"

"నీకు సగం దాచమంటావా? కడుపుకి తెలుస్తుందా లెక్క?"

వుంగా పెళ్ళాం తన పిల్లాణ్ణి నా పక్కనుంచి అవతలికి లాక్కుంది. నా సొంత ఆడపడుచు నేల మీద ఉమ్మింది. నా కొడుకు నన్ను చూసిన చూపు మాత్రం... పోనీలెండి. వుంగా నిప్పు మీద నీళ్ళు చల్లాడు. మిగతాది పంచారు. మెడ మాకు రావాలి, ఇచ్చారు, కానీ చేతికివ్వలేదు, కింద పెట్టారు.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నాడు, "నీకు కార్జం వాసనే పడదు కదే."

"నోరు మూసుకుని నీ పొగాకు నీళ్ళు తాగు" అన్నాను.

ఆ కరువు అయ్యేదాకా నాకెవరూ నిప్పు కూడా ఇవ్వలేదు. ఊట దగ్గర నా బుంగకి చోటు వదిలేసి దూరంగా నిలబడేవాళ్ళు. నా కొడుకు మొహం చితికిపోయి వచ్చేవాడు, ఎవరితో కొట్టుకున్నావంటే చెప్పేవాడు కాదు. ఒక ఆదివారం రోతాంగా వచ్చి, "అత్తా, ఇవాళ చర్చిలో లేచి చెప్పేస్తాను" అన్నాడు.

"చెప్పు. నీ మనసు తేలికవుతుంది. మరి నీ పిల్ల? ఊరి నోటి ముందుది లాక్కు తిని బతికిన పిల్ల అంటారు. దాన్ని ఎవడు చేసుకుంటాడు? నేను ముసలిదాన్నవుతాను, చస్తాను. అది బతకాలని కదా నువ్వు పాట మింగింది? ఇది కూడా మింగు."

మింగాడు. పారి లేచి తిరిగింది. ఒక్క కార్జంతోనే లేచిందని నేననను. తరవాత వాడు ఇంకా వేటాడాడు, అవీ తినే ఉంటుంది. వేట మాత్రం బాగా వచ్చింది వాడికి. పాట రాలేదు. గట్టు మీద నిలబడతాడు, రెండు మాటలు పాడతాడు, ఆపేసి దిగొచ్చేస్తాడు. ఊళ్ళో వాళ్ళు జింక మీద జాలి అనుకునేవాళ్ళు. ఎంత పెద్ద దుప్పిని కొట్టినా తన ఇంటికి తలకాయ కూడా ఉంచుకునేవాడు కాదు. గొడవల రోజుల్లో మిలట్రీవాళ్ళు ఊరి తుపాకులు పట్టుకుపోయి, మళ్ళీ ఎప్పటికో అవి తిరిగొచ్చాక కూడా అంతే.

కోపాలు చల్లారాక ఊరు దాన్ని ఎగతాళి చేసుకుంది. కార్జం అత్త అన్నారు. ఇప్పుడు కార్జం అవ్వ అంటారు. ఎక్కడ ఏది కోసినా కేకేస్తారు, "ముందు అత్తకి పెట్టండిరా, లేకపోతే మొత్తం మింగేస్తుంది!" అందరూ నవ్వుతారు. తినకపోతే ఎలా? ఊపిరి బిగబట్టి తింటాను. రోతాంగా అక్కడుంటే నన్ను చూసేవాడు కాదు, తన కాళ్ళు చూసుకునేవాడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి మళ్ళీ మేమిద్దరం ఎత్తలేదు. ఒకరినొకరం తప్పుకుని నడిచాం. మా ఆయన పోయినప్పుడు మాత్రం వచ్చి, పెట్టెలోపల వేసే గుడ్డ వాడే కుట్టాడు, మిషను మీద దుప్పటి తీసి.

మొన్న పాతిపెట్టి వచ్చాక పారి నా దగ్గర కూర్చుంది. దానికే పెళ్ళికెదిగిన పిల్లలున్నారు ఇప్పుడు. ఆకు పొట్లం నా ఒళ్ళో పెట్టింది. ప్రతి క్రిస్మస్‌కీ తెస్తుంది, చావుకి కూడా తెచ్చింది.

"అవ్వా, కార్జం. నీకిష్టమని వేయించాను. పొద్దున్నుంచి ఏం తినలేదంట."

"నాకిష్టమని ఎవరు చెప్పారు?"

"ఊరంతా చెబుతారుగా" అని నవ్వింది. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో.

"తీసేయ్ అటు. నాకు వాంతి వస్తుంది దీని వాసనకి. నా జన్మలో నా అంతట నేను తిన్నది లేదు."

అది నవ్వాపింది. అప్పుడు చెప్పాను. దాని బాబు ఆకు ఊదడం ఎవరి ఏడుపు విని నేర్చుకున్నాడో ముందు చెప్పాను. కట్టెల బుట్ట చెప్పాను. వుంగా అడిగింది, నేనన్నది చెప్పాను. చెప్పడం అయ్యాక చాలాసేపు నేల చూసింది, అచ్చం వాడిలాగే.

తరవాత పొట్లం నా ఒళ్ళోంచి తీసుకుని విప్పింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమల్లేకపోయింది. బుగ్గలో పెట్టుకుని అలాగే కూర్చుంది, నీళ్ళు కారుతున్నాయి కళ్ళవెంట.

"నమలవే" అన్నాను. "ఊరికే పారేస్తావా? నమిలి మింగు."